పిళ్ళప్ప అన్న ఒక్క మాట

పెండ్లికి పిలిస్తే పిళ్ళప్ప కళ్యాణమంటపం లోపలికి వెంటనే రాడు. బయట నిలబడి గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. తర్వాత తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో తాళం వేసినవి ఏవో చూసుకుని, తెరిచి ఉన్న తలుపు పక్కన కూర్చుంటాడు. భార్య సుజాతమ్మకు తల కొట్టేసినట్లుంటుంది.

"పెండ్లికొడుకేమన్నా లీకయితాడా? పోయి ముందర కూచోరాదా!" అని గొణుగుతుంది.

పిళ్ళప్ప నవ్వడు. భుజం మీది తువ్వాలు తడిగా ఉందో లేదో చేత్తో పట్టి చూసుకుంటాడు.

కర్ణాటకలో, చింతామణి నుంచి కైవారం పోయే దారిలో ఒక కోల్డ్ స్టోరేజ్ ఉంది. చింతపండు నల్లబడకుండా, ఎండుమిరపకాయల రంగు పోకుండా రైతులూ వ్యాపారులూ అక్కడి గదుల్లో పెట్టుకుంటారు. ఆ గదులను చల్లబరిచేది అమ్మోనియా. దాన్ని నడిపే యంత్రాల గది పిళ్ళప్ప చేతిలో ఉంది. ఇంట్లో వాడే ఏసీలో గ్యాస్ కారితే గది చల్లబడదు, అంతే. అమ్మోనియా కారితే మనిషి ఊపిరి ఆగుతుంది. తడి ఎక్కడ ఉంటే అక్కడికి పోయి కాలుస్తుంది. మనిషి ఒంట్లో ఎప్పుడూ తడిగా ఉండేవి కళ్ళే.

పిళ్ళప్ప పుట్టింది దిబ్బూరహళ్ళిలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో. పురుగుల గదిలోకి బీడీ వాసన కూడా రానివ్వరు. ఆ ఇంట్లో పెరిగినవాడి ముక్కుకు ఏ వాసనైనా అందరికంటే ముందే తెలుస్తుంది. పట్టుగూళ్ళ ధర పడిపోయిన ఏడు చింతామణికి వచ్చి, ఒక పాత ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మెలు మోసే పనిలో చేరాడు. అక్కడ మిషను నడిపే బైరప్ప దగ్గర నిలబడి చూసి పని నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, కోర్సు లేదు. పైపు మీద చెయ్యి పెట్టి లోపల ఏం పోతోందో చెప్పడం బైరప్ప నేర్పాడు.

ఆ ఫ్యాక్టరీలోనే ఒకనాడు పైపు అతుకు దగ్గర రింగు పగిలి బైరప్ప మొహం మీదికి గ్యాస్ చిమ్మింది. మంట భరించలేక ఆయన రెండు చేతులతో కళ్ళు రుద్దుకున్నాడు. నీళ్ళు పోయాలని అక్కడ ఎవరికీ తట్టలేదు. అందరూ కలిసి ఆయన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. చూపు పూర్తిగా పోయింది. ఇప్పటికీ పిళ్ళప్ప పండగకో పబ్బానికో ఆయన ఇంటికి వెళ్తాడు. అడుగుల చప్పుడు విని "ఎవురప్పా అది?" అని ఆయన మొహం తిప్పుతాడు. తిరిగి వచ్చాక ఆ వారమంతా గదిలో పైపులన్నీ మళ్ళీ మళ్ళీ తడిమి చూస్తాడు.

నేనూ పిళ్ళప్పా ఉన్న సంఘం పేరు పెద్దది: శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంఘం, చిక్కబళ్ళాపుర జిల్లా శాఖ. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు. చాప్టర్ అంటాం. నెలకొక ఆదివారం చింతామణిలో ఒక మేడ మీద కలుస్తాం. చిక్కబళ్ళాపురం నుంచి అధ్యక్షుడు అమరనాథ్ వస్తాడు. పెద్ద పెద్ద భవనాలకు ఏసీ లెక్కలు వేసే ఇంజనీరు, పని తెలిసినవాడు. బాగేపల్లి నుంచి ధనుంజయ వస్తాడు. హైవే పక్కన ఏసీ రిపేరు షాపు ఉంది, నోటికి మాత్రం రిపేరు లేదు. ఎవరైనా కాలిపోయిన కంప్రెసర్‌ను నిలువునా కోసి తెస్తే చేతులు మార్చుకుంటూ చూస్తాం. ఎండలు ముదరక ముందే పల్లెల ఆరోగ్య కేంద్రాలకు పోయి టీకాలు పెట్టే ఫ్రిజ్‌లు చూసి వస్తాం. ఉప్పిట్టు తింటాం, వాదించుకుంటాం. అమరనాథ్ పట్టుబట్టి పిళ్ళప్పను సభ్యుడిగా చేర్చాడు. పిళ్ళప్ప ప్రతి నెలా వచ్చి కూర్చుంటాడు, అడిగితేనే మాట్లాడతాడు.

అతని కూతురు అర్పిత కూడా చాప్టర్‌లో చేరింది. డిప్లొమా చదివి, చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రికి ఏసీలు చూసుకునే ఉద్యోగం చేస్తోంది. పిళ్ళప్ప దానికి అడ్డు చెప్పలేదు. ఆసుపత్రి ఏసీల్లో ఉండే గ్యాస్ కళ్ళు తీసేది కాదు. కానీ ఆ పిల్లకు అమ్మోనియా మీదే మనసు. నాయన చేసే పని తనకూ రావాలంటుంది. ఎప్పుడడిగినా పిళ్ళప్ప ఒకటే చెప్పేవాడు.

"ఆ గదిలోకి నువ్వు వద్దు పాపా."

"ఏం, నువ్వు పోలేదా?"

"నేను భయపడతా పోతాను. నీకు భయం లేదు."

ఒక ఏడు చాప్టర్ వాళ్ళం ఒక ఆదివారం పగటిపూట పిళ్ళప్ప కోల్డ్ స్టోరేజ్‌కు వెళ్దామని అనుకున్నాం. అమ్మోనియా ప్లాంటు చాలామంది దగ్గరగా చూడలేదు. నూనె దించడం చూపించమని పిళ్ళప్పను అడిగాం. ఒప్పుకున్నాడు కానీ ముందు రోజు నుంచే అన్నం సరిగ్గా తినలేదని సుజాతమ్మ తర్వాత చెప్పింది.

నూనె దించడమంటే ఇది. కంప్రెసర్‌కు వేసిన నూనె కొద్దికొద్దిగా గ్యాస్‌తో పాటు కొట్టుకుపోయి, అమ్మోనియా నిలవ ఉండే ట్యాంకు అడుగుకు చేరుతుంది. ట్యాంకు కింద ఒక చిన్న ఇనుప కుండ ఉంటుంది. నూనె ఆ కుండలోకి జారాక, రెంటికీ మధ్య ఉన్న పై వాల్వు మూసి, కుండ కింది వాల్వు తిప్పి, నూనెను బకెట్‌లోకి వదలాలి. నూనె నల్లగా చిక్కగా దిగుతుంది. అది అయిపోయే క్షణం కనిపెట్టి కింది వాల్వు మూసెయ్యాలి. చెయ్యి వాల్వు మీదనుంచి తియ్యకూడదు. చూపు పక్కకు పోకూడదు.

మేమంతా యంత్రాల గదిలో ముందు తలుపు దగ్గర నిలబడ్డాం. పిళ్ళప్ప పై వాల్వు మూశాడు. ఇక కుండ దగ్గర కూర్చోబోతుంటే అర్పిత అడిగింది.

"నేను తిప్పుతా నాయనా. నువ్వు పక్కన ఉండు."

పిళ్ళప్ప తల అడ్డంగా ఊపాడు. ధనుంజయ ఊరుకుంటాడా?

"ఏమప్పా, నీ బిడ్డకు మెంబర్‌షిప్ ఇప్పించినావా, బొమ్మ చూసేదానికి టిక్కెట్టు ఇప్పించినావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిళ్ళప్ప మా మొహాలన్నీ ఒకసారి చూశాడు. తర్వాత కూతురి చేతులకు తానే గ్లౌజులు తొడిగి, కళ్ళజోడు పెట్టి, పట్టీ లాగి చూశాడు. గ్యాస్ వస్తే మొహానికి అడ్డం పెట్టుకోవడానికి తన తడి తువ్వాలు ఆమె మెడకు చుట్టబోతే ఆ పిల్ల సిగ్గుపడి తోసేసింది.

"మెల్లగా తెరువు. ఇంకొంచెం. చాలు."

నూనె దిగడం మొదలైంది. పక్కన కంప్రెసర్ నడుస్తోంది. పిళ్ళప్ప కూతురి చేతిని కాదు, కుండ కింది పైపును చూస్తున్నాడు.

పై వాల్వు లోపల అరిగిపోయి ఉందని ఆ రోజు ఎవరికీ తెలియదు. చక్రం బిగుసుకుంది కానీ దారి మూసుకోలేదు. ట్యాంకులోని అమ్మోనియా సన్నగా కుండలోకి దిగుతూనే ఉంది. గది ఉక్కకు అర్పిత కళ్ళజోడు లోపల ఆవిరి పట్టింది. బకెట్ కనపడక దాన్ని నుదుటి మీదికి తోసుకుంది. అదే క్షణంలో గొళగొళమంటున్న నూనె చప్పుడు సన్నబడి బుసగా మారింది. కింది పైపు మీద తెల్లటి మంచు పాకింది. నూనె పోయి అమ్మోనియా వస్తోందనడానికి అదే గుర్తు.

పిళ్ళప్ప రెండూ చూశాడు. మంచునూ చూశాడు, కూతురి ఉత్త కళ్ళనూ చూశాడు.

"ఇడిసెయ్ పాపా! ఇడిసెయ్!" అని అరిచాడు.

అర్పిత చక్రాన్ని గబగబా తిప్పింది. మూసే వైపు కాదు, తెరిచే వైపు.

బకెట్ ఎగిరి పడింది. తెల్లటి పొగ నేలను తాకి లేచి, కుండనూ ట్యాంకునూ ఆ పిల్లనూ మింగేసింది. ఒక్క కేక వినిపించింది. మా ముక్కుల్లో నిప్పు పెట్టినట్లయింది. ఎవరో కరెంటు మొత్తం ఆపే ఎర్ర బటన్ గుద్దారు. కంప్రెసర్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అర్పిత దగ్గు వినపడుతోంది, మనిషి కనపడటం లేదు.

పిళ్ళప్ప మమ్మల్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తాడు.

నేను నా కళ్ళతో చూశాను. కూతురు లోపల ఉంటే తండ్రి బయటికి పరిగెత్తాడు. ధనుంజయ దగ్గుతూనే తిట్టాడు. "థూ! కన్నబిడ్డను ఇడిసిపెట్టి పారిపోతాండాడే వీడు!"

గాలి ముందు తలుపు నుంచి లోపలికి కొడుతోందని, ఆ పొగంతా వెనక్కి పోతోందని, అర్పిత దారి తెలియక దానితోపాటు వెనక్కే పోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ గదికి వెనక ఒక చిన్న ఇనుప తలుపుంది. దొంగల భయానికి దానికి తాళం వేద్దామని యజమాని ఎన్నోసార్లు అన్నాడు. పిళ్ళప్ప పడనివ్వలేదు. బయటి గొళ్ళేనికి నూనె పెట్టి వేలితో లాగితే వచ్చేలా ఉంచాడు. ఎన్నేళ్ళుగానో అతను భయపడి భయపడి తలలో వేసుకున్న దారి అది. భవనం చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ తలుపు తెరిచి, తువ్వాలు మొహానికి అదుముకుని, ఊపిరి బిగపట్టి పొగలోకి చెయ్యి పెట్టాడు. చేతికి జడ దొరికింది. ఆ జడ పట్టుకునే కూతుర్ని బయటికి ఈడ్చాడు.

ఇటుపక్క అమరనాథ్ గోడకున్న మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్ళాడు. ధనుంజయ ఎక్కడినుంచో బిందెడు నీళ్ళు తెచ్చి నేల మీద ఉడుకుతున్న అమ్మోనియా మీద కుమ్మరించబోయాడు.

"దాని మీద పొయ్యొద్దు!" మాస్కు లోపలినుంచి అమరనాథ్ గొంతు వచ్చింది. "పొగ ఇంకా లేస్తాది! అవి ఆ పిల్ల దగ్గరికి తీసకపో!"

అతను కింది వాల్వు మూసి బయటికి వచ్చేసరికి మేమంతా వెనక పక్కకు చేరాం. పిళ్ళప్ప అక్కడ ఎప్పుడూ ఒక డ్రమ్ము నిండా నీళ్ళు పెట్టి, దానికి గొట్టం తగిలించి ఉంచేవాడు. కూతుర్ని మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుని, వేళ్ళతో కనురెప్పలు విడదీసి, గొట్టం పట్టి నీళ్ళు పోస్తున్నాడు. ఆ పిల్ల గింజుకుంటోంది.

"నాయనా, మండుతాండాది! నాయనా, చెయ్యి తియ్!"

"రుద్దకు పాపా. నీకు దండం పెడతా, రుద్దకు."

"ఏమీ కనపడ్లేదు నాయనా!"

పిళ్ళప్ప రెండో కంటి రెప్పలు విడదీశాడు. ఎవరో కారు తెచ్చి తలుపు తీసి, "ఎక్కించండప్పా, ఆసుపత్రికి పోదాం" అన్నారు. పిళ్ళప్ప తల ఎత్తకుండానే వద్దన్నాడు. మేం అమరనాథ్ వైపు చూశాం.

"పిళ్ళప్ప చెప్పేది నిజం. కార్లో నీళ్ళు యాడుండాయి? ఇంకా కడగాల," అన్నాడతను.

డ్రమ్ములో నీళ్ళు తగ్గుతున్నాయి. కరెంటు ఆపేశాం కాబట్టి బోరు మోటారు కూడా ఆగిపోయింది. మళ్ళీ స్విచ్చి వెయ్యడానికి లేదు, గదిలో ఇంకా గ్యాస్ ఉంది, నిప్పురవ్వ లేస్తే అంటుకుంటుంది. గొట్టంలో ధార సన్నబడింది. పిళ్ళప్ప మొదటిసారి తలెత్తి మా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. బైరప్ప ఇంటి గడప అతని కళ్ళ ముందు కనపడుతున్నట్లుంది.

ముందు షెడ్డులో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు వాసనకు బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ధనుంజయ వాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. వాళ్ళు తాగడానికి తెచ్చుకున్న సీసాలూ చెంబులూ అన్నీ పట్టుకుని వచ్చారు. ఒకామె ఏడుస్తూ అర్పిత మొహం తుడవబోయింది.

"అమ్మా, చెయ్యి పెట్టొద్దు! మీవి మిరపకాయ చేతులు!" అని ధనుంజయ ఆమెను ఆపాడు. "ఈడ పెట్టిపోండమ్మా, నేను పోస్తాను."

ఆ సీసాల నీళ్ళు ధనుంజయ పోస్తూ ఉంటే పిళ్ళప్ప రెప్పలు పట్టుకున్నాడు. అక్కడున్న నీళ్ళన్నీ అయ్యాకే కారెక్కించారు. దారిలో కడగడానికి చివరి రెండు సీసాలు మాత్రం పిళ్ళప్ప ఒళ్ళో పెట్టుకున్నాడు.

కోలారులో కంటి డాక్టరు, ఆశా అని, చూసి రెండు కళ్ళకూ కట్టు కట్టింది. కుడి కంటికి అంత భయం లేదట. ఎడమ కన్ను పైపొర కాలింది. "నీళ్ళు బాగా పోసినారు. అదే మేలైంది. చూపు ఎంత వస్తాదో ఇప్పుడే చెప్పలేను," అంది.

మరునాడు నేనూ ధనుంజయా చూడటానికి వెళ్ళాం. పిళ్ళప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సుజాతమ్మ కూతురికి రాగి అంబలి తాగిస్తోంది. మా అడుగుల చప్పుడు విని అర్పిత కట్టు కట్టిన మొహం తిప్పింది.

"ఎవురది?"

పిళ్ళప్ప ఒక్కసారిగా లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. మళ్ళీ లోపలికి తీసుకొచ్చేసరికి సుజాతమ్మ కూతుర్ని అడుగుతోంది.

"అంత చదివినావు గదే, ముయ్యాల్సింది పోయి తెరిసినావంట! ఎందుకు తెరిస్తివే?"

"నాయన ఇడిసెయ్ అన్నాడు గదమ్మా. అందుకే ఇడిస్తి."

మా పక్క 'ఇడిసెయ్' అంటే రెండు అర్థాలు. మడికి నీళ్ళు ఇడిసెయ్ అంటే నీళ్ళు పారనివ్వమని. ఆ గొడవ ఇడిసెయ్ అంటే దాని జోలికి పోవద్దని. చేతిలో ఉన్నది వదిలేసి పక్కకు రమ్మని పిళ్ళప్ప అరిచాడు. వాల్వు తెరిచి గ్యాస్‌ను బయటికి వదలమన్నాడని అర్పిత అనుకుంది. ఆ పిల్లకు నాయన మాట మీద అంత నమ్మకం. ఎందుకని అడగలేదు, ఆలోచించలేదు, చెప్పినట్టు చేసింది.

పిళ్ళప్ప తన నోటిని చేత్తో మూసుకున్నాడు. కూతురి కళ్ళ మీదికి తెచ్చింది వాల్వు కాదు, పొగ కాదు, అన్నేళ్ళు అతను భయపడినవాటిలో ఏదీ కాదు. అతని భయమే తొందరపడి ఆ మాట అంది. ఆ తర్వాత కట్టు విప్పేదాకా అతను కూతురితో మాట్లాడటానికే జంకాడు. అంబలి కావాలా అని అడగాల్సి వచ్చినా సుజాతమ్మ చేత అడిగించేవాడు.

ఆ నెల చాప్టర్‌లో ఇంకే విషయమూ మాట్లాడలేదు. పని జరిగేచోట ఆ మాట ఎవరూ అనకూడదని అమరనాథ్ అన్నాడు. మరేం అనాలనే దగ్గర గొడవ మొదలైంది.

"కన్నడలో చెప్పుకుందాం. బిడు అందాం," అన్నాడొకాయన.

"అదీ అంతే గదప్పా! నీరు బిడు అంటే నీళ్ళు వదలమని, హోగ్లి బిడు అంటే పోనీలెమ్మని," అన్నాడు ధనుంజయ.

"ఇంగ్లీషులో లీవ్ అందాం."

"లీవంటే మా షాపులో పిల్లోడు ఇంటికి పోయి పండుకుంటాడు."

నవ్వబోయి ఆగిపోయాం. మూల కూర్చున్న పిళ్ళప్ప లేచాడు. అడగకుండా అతను మాట్లాడటం అదే మొదలు.

"తెరువు అనండి. ముయ్యి అనండి. మూడో మాట వద్దు," అన్నాడు. "మనిషి పక్కకు రావాలంటే పేరు పెట్టి పిలవండి. నేను అరిసినప్పుడు బిడ్డ పేరు కూడా నా నోటికి రాలేదు."

ధనుంజయకు జోకు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. పిళ్ళప్ప ఎదురుగా వచ్చి, "అప్పా, ఆ పొద్దు నిన్నొక మాట అంటి," అన్నాడు. పిళ్ళప్ప చెయ్యి ఊపి కూర్చున్నాడు. చాప్టర్ తరఫున ఆ ప్లాంటుకు చెయ్యి తీస్తే తనంతట తానే మూసుకునే స్ప్రింగు వాల్వు పెట్టాలని నిర్ణయించాం. యజమాని ఒప్పుకున్నాడు. బిగించింది పిళ్ళప్పే.

కట్టు విప్పి చూపు తేల్చే రోజు కోలారుకు సుజాతమ్మ రానంది. దేవుడి ముందు దీపం పెట్టి ఇంట్లోనే కూర్చుంది. పిళ్ళప్ప నన్ను తోడు రమ్మన్నాడు. గోడ మీద కన్నడ అక్షరాల పట్టీ ఉంది. పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. డాక్టర్ ఆశా అర్పితను కుర్చీలో కూర్చోబెట్టి కుడి కన్ను మూసింది.

"చదువమ్మా."

మొదటి అక్షరం చెప్పింది. రెండో వరస చెప్పింది. నా వెనక సన్నగా ఏదో వినిపించి తిరిగి చూశాను. పిళ్ళప్ప పెదవులు కదులుతున్నాయి. కూతురి కంటే ముందే అక్షరాలు చదువుతున్నాడు.

"అప్పా, మీరు చెప్పగూడదు," అంది డాక్టరు. "పరీక్ష మీకు కాదు."

పిళ్ళప్ప తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. అర్పిత మూడో వరసా చెప్పింది. తర్వాతి వరసలో మూడు అక్షరాలు చెప్పి ఆగిపోయింది. తల కొద్దిగా పక్కకు వంచింది. డాక్టరు తొందర పెట్టలేదు. పిళ్ళప్ప ఆ నాలుగో అక్షరం వైపు కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. మెడ ముందుకు చాచాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. అది 'ప'నో, 'ష'నో, 'వ'నో అతనికీ తేలలేదు. ఆ వయసు కళ్ళకు అంత దూరంలో అది ఒక నల్ల చుక్క, అంతే. పిల్లకు చూపు లేక ఆగిందో, అక్షరమే అంత చిన్నదో తెలుసుకునే దారి అతనికి లేదు. నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు లోపలికి దిగాయి.

"ష," అంది అర్పిత.

డాక్టరు తల ఊపి కింది వరస చూపించింది. అందులో రెండు చెప్పింది, రెండు తప్పాయి. దాని కింద ఏమీ కనపడలేదంది.

"మసక కొంచెం ఉంటాది. అద్దాలు పెట్టుకోవాల," అంది ఆశా. "చూపు నిలిచింది."

పిళ్ళప్ప నోట్లోంచి తువ్వాలు తీశాడు. అర్పిత కుర్చీలోంచి లేచి అతని వైపు నడిచి వచ్చింది. ఏదైనా అంటాడని ఎదురుచూస్తూ నిలబడింది. అతను నోరు తెరిచి, ఏ మాట అయితే తప్పు కాదో వెతుక్కుంటున్నట్లు కాసేపు ఆగాడు.

"అర్పితా," అన్నాడు.

"ఆఁ, నాయనా," అంది.